పెట్టెలో ఉండిపోయిన అప్పగింతల పాట

తెనాలి గంగానమ్మపేటలో సరోజిని అడగని ప్రశ్నంటూ లేదు. కూరగాయల బండివాడు వంకాయలు కొల్లూరు లంకల్లోవని చెప్తే, ఏ లంక, ఎవరి చేను, నిన్న కోశారా ఇవాళ కోశారా అని అడిగేది. వీధిలోకి కొత్తగా అద్దెకొచ్చినవాళ్ల సామాను బండి దిగేలోపే వాళ్ల మేనత్తది ఏ ఊరో ఆమెకు తెలిసిపోయేది. చదివింది అయిదో తరగతి. మిగతా చదువంతా అడిగి తెలుసుకున్నదే. భర్త శివరామయ్య రైసుమిల్లులో గుమాస్తాగా చేసి మానుకున్న మనిషి. ఆమె ప్రశ్నల్లో సగానికి జవాబు చెప్పి, మిగతా సగానికి పేపరు అడ్డం పెట్టుకునేవాడు.

అటువంటి సరోజిని, మాఘమాసం చివర్లో రేపల్లె నుంచి వచ్చిన ఫోను విని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. చెప్పులేసుకుని రైలుకు వెళ్లిపోయింది.

రేపల్లెలో ఆమె అక్క రాజరత్నం పెరట్లో బట్టలారేస్తూ కూలబడిపోయింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక కాలు కాస్త కదిలింది గాని నోరు రాలేదు. ఎవరేం చెప్పినా అర్థమవుతుంది. మనవళ్ల ఫోటో చూపిస్తే కళ్లతో నవ్వుతుంది. కోపం వస్తే ఎడమచేత్తో మంచం పట్టె మీద కొడుతుంది. మాట చెప్పబోతే మాత్రం "తా... తా..." అని వచ్చి అక్కడే ఆగిపోతుంది. అది తనకు తెలిసి, పెదాలు బిగించుకుని గోడవైపు తిరిగిపోతుంది.

ఆ నోరు అట్లాంటి ఇట్లాంటి నోరు కాదు. రేపల్లె చుట్టుపక్కల ఏ ఇంట పెళ్లయినా అప్పగింతల వేళకు రాజరత్నం కోసం కబురొచ్చేది. పెళ్లికూతురి చేతులు పాలలో ముంచి, అత్తగారి చేతిలో ఒకసారి, మామగారి చేతిలో ఒకసారి, అలా వరసగా అందరి చేతుల్లోనూ పెట్టి అప్పగిస్తున్నంతసేపూ ఆమె పాట సాగుతుండాలి. ఆ పాట వాళ్లమ్మ కట్టింది. ఎక్కడా రాసి లేదు. అత్తకో చరణం, మామకో చరణం, తోటికోడలికి, ఆడబిడ్డకు, ఆఖరున అల్లుడికి. పాడుతుంటే కొయ్యలాంటి మగవాళ్లు కూడా కండువాలు ముఖానికి అద్దుకునేవారు.

పక్కన వంత పాడేది సరోజిని. ఆమె గొంతూ మంచిదే గాని ఒక దుర్గుణం ఉండేది. తోటికోడలి చరణం కాగానే ఆడబిడ్డ చరణం ఎగరగొట్టి, అల్లుడి దగ్గరికి దూకేసేది. తను కాపురానికొచ్చిన కొత్తలో తన ఆడబిడ్డ పెట్టిన బాధలు ఆమె మరిచిపోలేదు. అలాంటిదాని చేతిలో ఆడపిల్లను పెట్టి బతిమాలుతూ పాడటమేంటని ఆమె కచ్చ. దూకినప్పుడల్లా రాజరత్నం చీర చాటున తొడపాశం పెట్టేది. "ఆడబిడ్డని ఎక్కడ దాచావే?" అని తర్వాత వంటవాళ్ల ముందు కూడా దెప్పేది.

గుంటూరులో మాటలు నేర్పించే డాక్టరమ్మ రాజరత్నాన్ని చూసి, ఆమె భర్త వీరరాఘవయ్యను బయటికి పిలిచి చెప్పింది. మాట పోయినవాళ్లకు కూడా ఒక్కోసారి పాట మిగిలి ఉంటుందట. తన గొంతు తనకు వినిపిస్తే, పాటతోపాటు ఒకటో రెండో మాటలు దొర్లుకుంటూ వచ్చే అవకాశం ఉందట. వస్తాయని మాటివ్వలేనని కూడా చెప్పింది. ఏ ప్రయత్నం చేసినా మొదటి నెలల్లోనే చెయ్యాలి, ఆలస్యమైనకొద్దీ కష్టమన్నది.

ఇంటికొచ్చి అందరూ వెతికారు. అన్ని పెళ్లిళ్లలో పాడిన మనిషి పాట ఒక్క వీడియోలోనూ లేదు. అప్పగింతల ఘట్టం రాగానే వీడియో తీసినవాళ్లు అసలు గొంతులన్నీ తీసేసి సినిమా పాట అతికించారు. చేతులు పాలలో మునుగుతుంటాయి, రాజరత్నం నోరు కదులుతుంటుంది, వినపడేది మాత్రం ఎవరిదో గొంతు.

అప్పుడు గుర్తొచ్చింది సరోజినికి. కొన్నేళ్ల కిందట ఒక టీవీ చానల్ వాళ్లు బాపట్ల వచ్చి ఆడవాళ్ల పెళ్లిపాటల కార్యక్రమం తీశారు. రాజరత్నం అందులో పాట మొత్తం పాడింది. అది టీవీలో వచ్చిన రోజున సరోజిని తన టీవీకున్న డిష్ వాళ్ల రికార్డింగు పెట్టెలో పట్టి దాచింది. ఆ చానల్ ఇప్పుడు లేదు. పెట్టె ఉంది.

"నా దగ్గరుంది బావా," అంది వీరరాఘవయ్యతో. "నువ్వేం దిగులుపడకు. వారంలో తెచ్చి నీ కంప్యూటర్లో పెట్టిస్తాను. అక్క కూర్చుని చూసుకోవచ్చు."

వీరరాఘవయ్యది ఎరువుల కొట్టు. కొట్టు లెక్కలకు ఇంట్లో ఒక కంప్యూటర్ ఉంది. ఆయన ఆ మాటకు ఎంత పొంగిపోయాడంటే, అదే రోజు దాన్ని ముందు గదిలోంచి తీసి భార్య మంచం పక్కకు మార్పించాడు. మంచంలోంచి రాజరత్నం చెల్లెలి వంక చూసింది. ఆ చూపు రైలెక్కినా సరోజినిని వదల్లేదు.

తెనాలి ఇంట్లో ఆ పెట్టె వాడక మానేసి చాలాకాలమైంది. ఇంటర్నెట్టు తీగ వచ్చాక టీవీ దాంతోనే నడుస్తోంది. పెట్టె అలమార మీద, పట్టినవన్నీ దాచుకోడానికి దానికి తగిలించిన నల్లటి డిస్కు దాని పక్కన. పాత సామాను కొనేవాడికి ఇచ్చేద్దామని శివరామయ్య ఎన్నోసార్లన్నాడు. అక్క పాట ఉందని ఆమె ఇవ్వనివ్వలేదు. ఇప్పుడు డిస్కు ఊడదీసి, చీర మడతల్లో చుట్టి, బాపట్ల బస్సెక్కింది. పొన్నూరు దాటేదాకా సంచీ ఒళ్లోంచి దించలేదు.

బాపట్లలో కూతురు హరిచందన కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్తుంది. డిస్కు తన కంప్యూటర్‌కు తగిలించగానే తెర మీద ఏదో ప్రశ్న వచ్చింది.

"ఏంటంటోంది?"

"ఈ డిస్కు నాకర్థం కావట్లేదు, తుడిచేసి కొత్తగా మొదలెట్టనా అంటోందమ్మా."

సరోజిని రెండు చేతులతో కూతురి చెయ్యి పట్టేసుకుంది. "వద్దని చెప్పు. గట్టిగా చెప్పు."

హరిచందన నవ్వి, వద్దని నొక్కి, వేరే దారిలో లోపల ఏముందో చూసింది. పేర్లు లేవు, అంకెలే. ఒక్కొక్కటీ తెరిచి చూస్తే పచ్చటి గళ్లు, ఊదారంగు మరకలు, ఇసుక పోసినట్టు గరగర. అక్క ముఖం గాని, అక్క గొంతు గాని లేవు. డిస్కు పాడైపోయిందనుకుంది సరోజిని. పాడవలేదని, తాళం వేసి ఉందని కూతురు చెప్పింది. పెట్టె ఏది రికార్డు చేసినా చిందరవందరగా కలిపేసి దాస్తుందట. మళ్లీ సరిగ్గా పేర్చడానికి కావలసిన తాళంచెవి సగం ఆ పెట్టెలో, సగం అందులో దూర్చే కార్డులో ఉంటుందట. వేరే పెట్టె గాని, కంప్యూటర్ గాని దాన్ని తెరవలేవు.

"మనింటి టీవీలో మనం పట్టుకున్న మా అక్క పాటకి, మనకే తాళమా? ఎవరు వేశారు? ఎందుకు వేశారు?"

సినిమాలు ఎవరూ ఎత్తుకుపోకుండా వేశారని కూతురు చెప్తే, మా అక్కని ఎవరెత్తుకుపోతారని అడిగింది తల్లి.

కొన్ని సాయంత్రాలు కాలేజీ నుంచి వచ్చి ఆ అమ్మాయి అదే పని మీద కూర్చుంది. ఎక్కడెక్కడి వాళ్లో రాసిన ఉపాయాలన్నీ ఇంటర్నెట్టులో చదివి, ప్రతిదీ చేసి చూసింది. కొన్ని రకాల పెట్టెల తాళాలు తీయడం జనానికి తెలిసింది గాని ఈ రకానిది ఎవరికీ రాలేదు. ఆ రోజుల్లోనే రేపల్లె నుంచి వీరరాఘవయ్య ఫోన్లు మొదలయ్యాయి. మొదట ఎప్పుడొస్తున్నావని అడిగేవాడు. తర్వాత్తర్వాత, ఇంకా కాలేదని ఆమె చెప్తే, "సరేలే," అని పెట్టేసేవాడు.

చివరికి హరిచందన ఒక దారి చెప్పింది. తాళం మనం తీయలేం, పెట్టె తీయగలదు. పెట్టె తన ఇంట్లో తను తాళం తీసి టీవీకి పాట పంపిస్తుంది కదా, ఆ పంపించేటప్పుడు పసుపు, ఎరుపు, తెలుపు తీగల దగ్గర మనం కాపు కాద్దాం. ఆ మూడు తీగలూ ఒక చివర, కంప్యూటర్ ఒక చివర తగిలించే బొటనవేలంత పరికరం ఉంటుంది. పెట్టె పాడుతున్నంతసేపూ కంప్యూటర్ కొత్తగా తాళం లేకుండా రాసుకుంటూ పోతుంది. అరగంట పాటకు అరగంటా ఆగకుండా ఆడాలి, అంతే.

"దానికింత హడావిడెందుకు? టీవీ ముందు ఫోను పెట్టి తీస్తే పోలా?" అన్నాడు శివరామయ్య ఫోనులో.

"తీయొచ్చు నాన్నా. పెద్దమ్మ పాట కన్నా అమ్మ మాటలే ఎక్కువ పడతాయి."

సరోజిని తెనాలి వచ్చి డిస్కును మళ్లీ పెట్టెకు తగిలించి, ఆపేసిన డిష్ కనెక్షనుకు రీచార్జి చేయించింది. అది లేకపోతే పాతవి కూడా తెరుచుకోవట. టీవీ వెలిగింది. కార్డు చదవలేకపోతున్నామని ఒక వాక్యం వచ్చి తెర మధ్యలో నిలబడింది. కార్డు తీసి ఊది పెట్టింది. అదే మాట. చీర కొంగుతో తుడిచి పెట్టింది. అదే మాట.

కంపెనీవాళ్లకు ఫోను చేస్తే ఒక అమ్మాయి ఎంతో మర్యాదగా మాట్లాడింది. కార్డు పాడయిందండి, కొత్త కార్డు పంపిస్తాం, దాన్ని మొదలుపెట్టగానే టీవీ వచ్చేస్తుందండి అన్నది. వేరెవరైనా అయితే సరే అనేవారే. సరోజిని ఎప్పటిలాగే అడగడం మొదలుపెట్టింది. కొత్త కార్డు ఎక్కడి నుంచి వస్తుంది, పాతదాన్ని ఏం చేస్తారు, కొత్తది పెడితే పాత పాటలు పలుకుతాయా.

"పాతవి రావండి. కొత్త కార్డు మొదలవగానే పాతది ఆగిపోతుందండి. కొత్తగా రికార్డు చేసుకోవచ్చండి."

"కొత్తగా చేసుకోడానికి మా అక్క నోరు రావడం లేదమ్మా," అంది సరోజిని. కార్డు పంపొద్దని, ఎవరు ఫోను చేసి పంపమన్నా పంపొద్దని చెప్పి, అలాగేనని ఆ అమ్మాయి చేత రెండుసార్లు అనిపించుకుని ఫోను పెట్టేసింది.

తర్వాత కిటికీ దగ్గర కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, కార్డును వెలుతురులో తిప్పి చూసింది. ఒక మూల బంగారు రంగు బిళ్ల. దాని గీతల్లో ఏదో పచ్చగా, గట్టిగా ఇరుక్కుని ఉంది. గోటితో గీకింది. వేలు వాసన చూసుకుంది. పసుపు.

విజయదశమికి ఆ ఇంట్లో పసుపు, కుంకుమ పడని వస్తువు ఉండదు. గ్రైండరు, కుట్టుమిషను, శివరామయ్య స్కూటరు, టీవీ, ఆ పెట్టె. పెట్టె నల్లగా ఉంది, దానికి బొట్టు ఆనదు. లోపలి కార్డుకైతే బంగారు బిళ్ల ఉంది, అదే దాని ముఖమనుకుంది. ఏటేటా కార్డు బయటికి తీసి, ఆ బిళ్ల మీద తడి పసుపు, గంధం అద్ది, కుంకుమ పెట్టి, ఆరాక భద్రంగా లోపలికి తోసింది. పెట్టె వాడక మానేశాక కూడా మానలేదు. అక్క పాట ఉన్నచోటని ఇంకాస్త ఎక్కువే పెట్టింది.

ఆ సంగతి భర్తకు చెప్పలేదు. కూతురికి ఫోను చేసి, చెప్పలేక చెప్పింది. హరిచందన మొదట నవ్వింది. తల్లి నవ్వకపోయేసరికి ఆపేసింది. "నీళ్లు తగలనివ్వకమ్మా. గీకకు. ఆదివారం నేనొస్తాను," అంది.

ఆ ఆదివారం దాకా సరోజిని వీధిలో ఎవరినీ ఏమీ అడగలేదు. కూరగాయల బండివాడు ఒంట్లో బాగుందా అమ్మా అని ఆమెనే అడిగాడు.

హరిచందన తన కంప్యూటర్, తీగల పరికరంతోపాటు ఇంజెక్షనుకు వాడే స్పిరిట్టు, దూది, పెన్సిలు రబ్బరు తెచ్చింది. పసుపు మెల్లగా వదిలింది గాని దాని కింద బంగారం అక్కడక్కడా చెదిరి నల్లబడి ఉంది. పెట్టెలో పెడితే ఒకసారి చదివింది, మరుక్షణం వద్దంది. కార్డు చివర వేలితో ఒకవైపుకు నొక్కిపెడితే చదువుతోంది. వేలు తీస్తే పోతోంది. కాగితం మడిచి ఇరికించారు, నిలవలేదు.

"నేను నొక్కుతాను, నువ్వు కానీ," అంది సరోజిని.

కంప్యూటర్‌ను, పెట్టెను ఇన్వర్టరుకు కలిపారు. శివరామయ్యను వీధి తలుపు దగ్గర కూర్చోబెట్టి ఎవరినీ రానివ్వొద్దన్నారు. సరోజిని అలమార ముందు వంగి నిలబడి, బొటనవేలు కార్డుకు ఆనించింది. తెర మీద పచ్చచీరలో రాజరత్నం వచ్చింది. చానల్ అమ్మాయి ఏదో అడిగితే సిగ్గుపడి, గొంతు సవరించుకుంది.

*అద్దమల్లే పెంచాము అత్తగారండీ*
*అరచేత పెట్టాము, అదిమి పట్టుకోకండి...*

నడుము లాగుతోంది. వేలు తిమ్మిరెక్కింది. ఒకచోట బొమ్మ నిలిచిపోతే సరోజిని ఇంకాస్త నొక్కింది, మళ్లీ కదిలింది. గదిలో మాట్లాడినా పరవాలేదని, తీగల్లో పాట ఒక్కటే వెళ్తుందని కూతురు ముందే చెప్పింది. అయినా ఆమె నోరు విప్పలేదు. కళ్లలోంచి కారుతున్న నీళ్లు తుడుచుకోడానికి రెండో చెయ్యి ఖాళీగానే ఉంది గాని, కదిలితే ఎక్కడ వేలు జారుతుందోనని అట్లాగే ఉండిపోయింది.

తోటికోడలి చరణం అయింది. టక్కున పాట ఆగి వంటనూనె ప్రకటన వచ్చింది. తర్వాత సబ్బు, తర్వాత నగలు. అవి అయ్యేసరికి అక్క అల్లుడి చరణంలో ఉంది. మధ్యలో చానల్ వాళ్లు ఆడబిడ్డ చరణం మింగేశారు. ఇన్నేళ్లూ ఆ సంగతి సరోజినికి తట్టనే లేదు. తను ఎప్పుడూ దూకేసే చోటే కదా.

కార్యక్రమం అయిపోయాక వేలు తీసింది. పెట్టె వెంటనే కార్డు లేదంది. మళ్లీ ఎంత నొక్కినా చదవలేదు, ఆ తర్వాత ఎప్పుడూ చదవలేదు. కంప్యూటర్లో మాత్రం పాట ఉంది. హరిచందన ఒక పెన్ డ్రైవులోకి ఎక్కించి తల్లి చేతిలో పెట్టింది. సరోజిని ఆ పూటే రేపల్లె రైలెక్కింది.

రేపల్లెలో వీరరాఘవయ్య కంప్యూటర్ అడ్డు చెప్పకుండా దాన్ని తెరిచింది. మంచం మీద దిండ్లు పెట్టి రాజరత్నాన్ని కూర్చోబెట్టారు. పాట మొదలైంది. తెర మీద తనను తాను చూసుకుంది రాజరత్నం. ఒక్క చరణం విన్నది. పెదాలు కదలబోయాయి. "తా..." అని వచ్చింది. అంతే, ముఖం గోడవైపు తిప్పేసుకుంది. భుజాలు కదులుతున్నాయి.

"ఆపెయ్యి సరోజినీ," అన్నాడు వీరరాఘవయ్య. "పోగొట్టుకున్నది చూపించి ఏడిపించినట్టుంది."

డాక్టరమ్మకు ఫోను చేస్తే, బలవంతపెట్టకుండా రోజుకొకసారి పెట్టి చూడమంది. పెట్టారు. రోజూ అదే పచ్చచీర, అదే పాట, అదే గోడ. సరోజిని తెనాలి వెళ్లకుండా అక్కడే ఉండిపోయింది. బావ ఆమెతో మాట్లాడటం తగ్గించాడు. తను చేసిన మేలేంటో, కీడేంటో ఆమెకే అర్థం కాలేదు. నెలలు గడిచిపోతున్నాయి. ఆలస్యమైనకొద్దీ కష్టమన్న మాట చెవిలో తిరుగుతూనే ఉంది. ఎండలు ముదిరాయి.

ఒక ఉదయం రాజరత్నానికి జడ వేస్తూ పాట పెట్టింది. వంటనూనె ప్రకటన వచ్చింది. రోజూ ఆ నూనె గోల విని విని విసుగెత్తి, ఆ చప్పుడు వినపడకుండా నొక్కేసింది. చేతులు జడ అల్లుతూనే ఉన్నాయి. పాట మధ్యలో తెగితే ఊరుకోలేని అలవాటు ఆమెది. తెలియకుండానే తోటికోడలి చరణం చివరి మాట అందుకుని, అక్కడి నుంచి తిన్నగా అల్లుడి చరణంలోకి దూకింది.

మంచం పట్టె మీద దెబ్బ పడింది.

సరోజిని ఉలిక్కిపడి ఆగింది. రాజరత్నం మెడ తిప్పి చూస్తోంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఎడమచెయ్యి చెల్లెలి తొడ దాకా వచ్చి, పట్టు దొరక్క చీర పట్టుకుని లాగింది.

"ఆడబిడ్డ," అంది.

స్పష్టంగా అంది. వరండాలోంచి వీరరాఘవయ్య పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు. మళ్లీ అనమని ఆయన బతిమాలాడు. రాజరత్నం ప్రయత్నించింది. "తా... తా..." అనే వచ్చింది. ఆ రోజంతా ఇంకేమీ రాలేదు.

మర్నాడు సరోజిని కావాలని దూకింది. రాజరత్నం ఒక చూపు చూసి కళ్లు మూసుకుంది. చిన్నప్పుడు తను జాడీలోంచి బెల్లం దొంగిలించినప్పుడు కూడా అక్క అదే చూపు చూసేది. ఏ మాటా రాలేదు. వీరరాఘవయ్య నిట్టూర్చి కొట్టుకు వెళ్లిపోయాడు. ఒక్క మాటే వచ్చిందని డాక్టరమ్మకు చెప్తే మంచిదేనంది. ఇంకా వస్తాయా అని సరోజిని ఎన్ని విధాల అడిగినా, చూద్దామని తప్ప ఆమె మరోమాట చెప్పలేదు.

ఆ సాయంత్రం సరోజిని మళ్లీ పాట పెట్టింది. నూనె ప్రకటన రాగానే కంప్యూటర్ చప్పుడు ఆపేసి, అక్క మంచం మీద కూర్చుంది. అక్క కుడిచెయ్యి తన చేతిలోకి తీసుకుంది. అది చల్లగా, బరువుగా ఉంది. ఇన్నేళ్లలో ఒక్క పెళ్లిలోనూ తన నోటితో మొదలుపెట్టని చరణం ఎత్తుకుంది. మాటలు తడుముకుంటూ, ఒకచోట ఆగి, మళ్లీ అందుకుంది.

*అలిగి వచ్చినా మా అమ్మాయి, ఆడబిడ్డమ్మా*
*అక్కవై నువ్వే అన్నం పెట్టవమ్మా...*

రాజరత్నం కళ్లు తెరవలేదు. ఎడమచేతి వేళ్లు మాత్రం మంచం పట్టె మీద తాళం వేశాయి. ఒకచోట సరోజిని తొందరపడితే ఆ వేళ్లు ఆగాయి. ఆమె వెనక్కి వెళ్లి నెమ్మదిగా పాడింది. అవి మళ్లీ కదిలాయి. తెర మీద నగల ప్రకటన చప్పుడు లేకుండా నడుస్తోంది.